విండో ఆకారాన్ని బట్టి విలువ మారాలంటే: జావాస్క్రిప్ట్‌లో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి

ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన త్రీడీ దృశ్యాన్ని ఫోనులో తెరిస్తే రెండు పక్కలా తెగిపోయి ఉంటుంది. బ్రౌజర్‌లో త్రీడీ దృశ్యాలు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ త్రీజేఎస్‌తో పని మొదలుపెట్టినవారిలో దాదాపు అందరికీ ఇది ఎదురవుతుంది. మధ్యలో పెట్టింది కుర్చీ కావచ్చు, కారు కావచ్చు, గుడి గోపురం నమూనా కావచ్చు. ఫోను నిలువుగా పట్టుకోగానే దాని అంచులు తెర బయటికి వెళ్లిపోతాయి. అప్పుడు చాలామంది "వెడల్పు 768 పిక్సెళ్ల కంటే తక్కువైతే కెమెరాను వెనక్కి జరుపు" అని ఒక షరతు రాస్తారు. ట్యాబ్లెట్ కోసం మరో షరతు చేరుస్తారు. బాగా వెడల్పైన మానిటర్ కోసం ఇంకొకటి. ఇన్ని రాశాక కూడా, రెండు షరతుల నడుమ పడిన ఏదో ఒక విండోలో దృశ్యం మళ్లీ తెగుతుంది.

విండో ఆకారం కొద్దిగా మారితే విలువ కూడా కొద్దిగానే మారే సూత్రం ఒక్కటి ఉంటే ఈ షరతులన్నీ తీసేయవచ్చు. ఆ సూత్రం రాయడం కష్టమేమీ కాదు. కానీ దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఉంది: విండో ఎలా మారినా ఏది చెదరకూడదు? దీనికి జవాబు దొరికితే సూత్రం దానంతట అదే వస్తుంది. జవాబు లేకుండా రాసిన సూత్రం మీ తెర మీద పనిచేస్తుంది, ఎదుటివారి తెర మీద పనిచేయకపోవచ్చు.

ఒక మాట ముందే చెబుతాను. జావాస్క్రిప్ట్ గుణాల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని వాటి అసలు స్పెల్లింగ్‌తోనే టైప్ చేయాలి. మీరు పెట్టుకునే చరరాశుల పేర్లు మాత్రం తెలుగులోనే ఉండవచ్చు. యూనికోడ్ అక్షరాలను జావాస్క్రిప్ట్ పేర్లుగా అంగీకరిస్తుంది కాబట్టి "నిష్పత్తి", "దూరం" అన్నవి కోడ్‌లో కూడా చెల్లుతాయి.

## ముందు తేల్చుకోవలసింది: నిష్పత్తా, పరిమాణమా?

వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెనే యాస్పెక్ట్ రేషియో అంటారు. ఇకపై దాన్ని నిష్పత్తి అనే అంటాను. 1920×1080 తెరకు అది 1.78. ఫోనులో 390×844 విండోకు 0.46. చదరపు విండోకు సరిగ్గా 1.

ఈ అంకెలో ఆకారం మాత్రమే ఉంటుంది, పరిమాణం ఉండదు. 1920×1080కీ 640×360కీ నిష్పత్తి ఒకటే. మొదటిదాంట్లో నాలుగు వరుసల కార్డులు పక్కపక్కన హాయిగా పడతాయి. రెండోదాంట్లో రెండు పట్టడమే కష్టం. అందువల్ల కార్డుల సంఖ్య, అక్షరాల పరిమాణం, మెనూ మడతపడే చోటు వంటివన్నీ వెడల్పు మీద ఆధారపడాలి. వాటిని నిష్పత్తికి ముడిపెడితే తప్పుడు జవాబులే వస్తాయి.

నిష్పత్తి అవసరమయ్యే పనులు వేరు: కెమెరా ఎంత దూరంలో ఉండాలి, ఏ కోణంలో చూడాలి, నేపథ్య చిత్రంలో ఏ భాగం కత్తిరింపు నుంచి తప్పించుకోవాలి, రెండు బొమ్మలు పక్కపక్కన ఉండాలా ఒకదాని కింద ఒకటి ఉండాలా. ఇవన్నీ ఆకారానికి సంబంధించినవి. విండోను రెట్టింపు పెద్దది చేసినా ఆకారం మారకపోతే వీటి జవాబు మారకూడదు. మీ విలువ ఏ కోవకు చెందుతుందో తెలియకపోతే ఈ పరీక్ష పెట్టుకోండి: ఆకారం అలాగే ఉండి విండో రెట్టింపైతే నా విలువ మారాలా? మారాలి అనిపిస్తే మీకు నిష్పత్తితో పని లేదు.

## నిష్పత్తిని దేని నుంచి కొలవాలి

అందరికీ తెలిసిన దారి విండో.ఇన్నర్‌విడ్త్‌ను విండో.ఇన్నర్‌హైట్‌తో భాగించడం. దృశ్యం మొత్తం విండోను ఆక్రమిస్తే ఇది చాలు. పక్కన 300 పిక్సెళ్ల మెనూ ఉంటే చాలదు. 1366×650 విండో నిష్పత్తి 2.10, దృశ్యానికి మిగిలిన 1066×650 పెట్టె నిష్పత్తి 1.64. కెమెరాకు 2.10 ఇస్తే బొమ్మ అడ్డంగా నొక్కినట్టు కనిపిస్తుంది. కాబట్టి దృశ్యం ఉన్న పెట్టెనే కొలవండి. దాని క్లయింట్‌విడ్త్, క్లయింట్‌హైట్ తీసుకుంటే విండోలో పక్కన ఏమున్నా లెక్క తప్పదు.

ఇంకో కారణం కూడా ఉంది. ఇన్నర్‌విడ్త్‌లో నిలువు స్క్రోల్‌బార్ వెడల్పు కలిసే ఉంటుంది. దృశ్యం గీసే కాన్వాస్‌కు ఆ వెడల్పునే ఇస్తే అది కనిపించే చోటు కంటే కాస్త ఎక్కువై, అడుగున అనవసరంగా అడ్డ స్క్రోల్‌బార్ పుట్టుకొస్తుంది. క్లయింట్‌విడ్త్‌తో ఆ బెడద లేదు.

సున్నాను మాత్రం మరచిపోవద్దు. పెట్టె దాగి ఉన్న సమయంలో దాని వెడల్పు, ఎత్తు రెండూ సున్నా. సున్నాను సున్నాతో భాగిస్తే జావాస్క్రిప్ట్ లోపం చూపించదు; సంఖ్య కాని ఒక విలువను మౌనంగా చేతికిస్తుంది. అది కెమెరా లెక్కల్లోకి పోతే తెర ఖాళీ అవుతుంది, కన్సోల్‌లో ఏ హెచ్చరికా కనిపించకపోవచ్చు. అందుకని ఫంక్షన్ మొదట్లోనే వెడల్పు గానీ ఎత్తు గానీ సున్నా అయితే ఏమీ చేయకుండా వెనుదిరగాలి.

## అసలు లెక్క: వస్తువు తెగకుండా కెమెరా దూరం

త్రీజేఎస్‌లోని పర్‌స్పెక్టివ్ కెమెరాకు ఇచ్చే చూపు కోణం నిలువు కోణం. ఏమీ ఇవ్వకపోతే అది 50 డిగ్రీలు. అంటే విండో ఎంత సన్నబడినా నిలువుగా కనిపించే మేర మారదు. అడ్డంగా కనిపించేదే తగ్గుతుంది. ఫోనులో దృశ్యం పక్కలకు తెగడానికి మూలం ఇదే.

కెమెరా నుంచి ఒక దూరంలో ఎంత మేర కనిపిస్తుందో ఇలా వస్తుంది:

కనిపించే_ఎత్తు = 2 × దూరం × ట్యాన్(కోణం ÷ 2)

కనిపించే_వెడల్పు = కనిపించే_ఎత్తు × నిష్పత్తి

మ్యాథ్.ట్యాన్ రేడియన్లలో లెక్కిస్తుంది, కెమెరా కోణం డిగ్రీల్లో ఉంటుంది. కాబట్టి ముందు డిగ్రీలను π (మ్యాథ్.పీఐ) విలువతో గుణించి 180తో భాగించాలి. ఈ మార్పు మరచిపోయినప్పుడు వచ్చే దూరం ఒక్కోసారి రుణ సంఖ్య కూడా అవుతుంది. వింత అంకె కనిపిస్తే మొదట ఇక్కడే వెతకండి.

50 డిగ్రీల్లో సగం 25. ట్యాన్ 25° అంటే 0.4663. కెమెరా 5 యూనిట్ల దూరంలో ఉంటే కనిపించే ఎత్తు 4.66. ల్యాప్‌టాప్‌లో, నిష్పత్తి 1.78 అనుకుంటే, కనిపించే వెడల్పు 8.3. ఫోనులో, నిష్పత్తి 0.46 దగ్గర, అది 2.15కు పడిపోతుంది. మన వస్తువు 4 యూనిట్ల వెడల్పు, 3 యూనిట్ల ఎత్తు ఉందనుకుందాం. ఫోనులో దాని సగం దాకా బయటే ఉంటుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. ఏది చెదరకూడదు? వస్తువు వెడల్పూ తెగకూడదు, ఎత్తూ తెగకూడదు. రెండింటికీ కావలసిన దూరాలు వేర్వేరుగా లెక్కించి పెద్దదాన్ని తీసుకోవాలి:

ఎత్తుకు_దూరం = వస్తువు_ఎత్తు ÷ (2 × ట్యాన్(కోణం ÷ 2))

వెడల్పుకు_దూరం = వస్తువు_వెడల్పు ÷ (2 × ట్యాన్(కోణం ÷ 2) × నిష్పత్తి)

దూరం = మ్యాథ్.మ్యాక్స్(ఎత్తుకు_దూరం, వెడల్పుకు_దూరం)

ల్యాప్‌టాప్‌లో ఎత్తుకు 3.22, వెడల్పుకు 2.41, పెద్దది 3.22. ఫోనులో ఎత్తుకు అదే 3.22, వెడల్పుకు 9.28, పెద్దది 9.28. ఒక్క షరతు కూడా రాయలేదు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో కూడా సూత్రమే చెబుతుంది: వస్తువు సొంత నిష్పత్తి 4 ÷ 3, అంటే 1.33 దగ్గర. విండో దానికంటే వెడల్పైతే ఎత్తు పాలిస్తుంది, సన్నగా ఉంటే వెడల్పు పాలిస్తుంది. 768 పిక్సెళ్లు అన్న అంకెకు ఈ సమస్యతో ఏ సంబంధమూ లేదని ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ దూరం వస్తువు ముందు ముఖం దాకా వచ్చిన లెక్క. కెమెరా స్థానాన్ని వస్తువు కేంద్రం నుంచి కొలుస్తాం కాబట్టి లోతులో సగం కలపాలి. లోతు 2 యూనిట్లైతే ఫోనులో 10.28, ల్యాప్‌టాప్‌లో 4.22 అవుతుంది. అంచులకు కాస్త ఖాళీ కావాలంటే వస్తువు వెడల్పు, ఎత్తులను 1.15తో గుణించి లెక్క మొదలుపెట్టండి.

వస్తువు తిరుగుతుంటే గానీ కెమెరా పై నుంచి వంగి చూస్తుంటే గానీ పెట్టె లెక్క సరిపోదు. తిరిగేటప్పుడు మూలలు బయటికి పొడుచుకొస్తాయి. అప్పుడు వస్తువు మొత్తం ఇమిడే గోళాన్ని ఊహించుకోవాలి. 4×3×2 పెట్టెకు ఆ గోళం వ్యాసార్ధం 2.69. నిలువు అర్ధకోణం 25 డిగ్రీలు. అడ్డ అర్ధకోణం ఇలా వస్తుంది:

అడ్డ_అర్ధకోణం = ఆర్క్‌ట్యాన్(ట్యాన్(కోణం ÷ 2) × నిష్పత్తి)

దూరం = వ్యాసార్ధం ÷ సైన్(రెండు అర్ధకోణాల్లో చిన్నది)

ఇక్కడ ట్యాన్ కాకుండా సైన్ వాడడానికి కారణం, చూపు అంచు గోళాన్ని స్పర్శరేఖలా తాకడం. ఫోనులో అడ్డ అర్ధకోణం 12.2 డిగ్రీలు, దూరం 12.8 యూనిట్లు. ల్యాప్‌టాప్‌లో 6.4. పెట్టె లెక్క కంటే కెమెరా వెనక్కి వెళ్తుంది, కానీ వస్తువును ఎటు తిప్పినా ఏ మూలా తెగదు. తిప్పి చూసే ఉత్పత్తుల పేజీలకు నేను గోళం లెక్కనే సిఫారసు చేస్తాను.

## దూరం మార్చాలా, కోణం మార్చాలా?

దూరాన్ని ముట్టుకోకుండా చూపు కోణాన్నే పెంచవచ్చు కదా అని అడిగేవారుంటారు. పెంచవచ్చు. అడ్డ కోణం స్థిరంగా ఉండేలా నిలువు కోణాన్ని లెక్కించే సూత్రం ఇది:

నిలువు_కోణం = 2 × ఆర్క్‌ట్యాన్(ట్యాన్(అడ్డ_కోణం ÷ 2) ÷ నిష్పత్తి)

ల్యాప్‌టాప్‌లో నిలువు కోణం 50 డిగ్రీలైతే అడ్డ కోణం సుమారు 79. ఫోనులో అదే 79 నిలబెట్టాలంటే నిలువు కోణం దాదాపు 122 డిగ్రీలకు చేరుతుంది. అంత వెడల్పైన చూపులో తెర పైఅంచు, కింది అంచుల దగ్గరి వస్తువులు సాగిపోయి వికారంగా కనిపిస్తాయి. గది లోపల నిలబడి చూసే దృశ్యంలో కెమెరాను వెనక్కి జరపడానికి గోడ అడ్డం. అక్కడ కోణం మార్చక తప్పదు, అయినా 75 లేదా 80 డిగ్రీల దగ్గర ఆపడం మేలు. మధ్యలో ఒక వస్తువును చూపించే దృశ్యంలో మాత్రం దూరమే మార్చండి.

మార్పు చేశాక గుర్తుంచుకోవలసినవి రెండు. కెమెరా యాస్పెక్ట్ గానీ కోణం గానీ మారిస్తే అప్‌డేట్‌ప్రొజెక్షన్‌మ్యాట్రిక్స్‌ను పిలవాలి. లేకపోతే కొత్త విలువ కెమెరాలో ఉంటుంది, తెర మీదికి రాదు. దూరం మారిస్తే ఆ పిలుపు అక్కర్లేదు, కానీ కెమెరాకు ఎంత దూరం దాకా కనిపిస్తుందో చెప్పే ఫార్ హద్దును గమనించాలి. ఫార్ విలువ 10 అని పెట్టి ఉంటే, ఫోనులో 12.8 యూనిట్ల వెనక్కి వెళ్లిన కెమెరాకు వస్తువు మొత్తం కనిపించకుండా పోతుంది. పొగమంచు ప్రభావం వాడిన దృశ్యాల్లో కూడా దూరంతో పాటు వస్తువు మసకబారుతుంది. దూరం ఎన్ని రెట్లు పెరిగితే దాని హద్దులను కూడా అన్ని రెట్లు పెంచుకోవాలి.

## లెక్క చెప్పని విలువలు: రెండు కొసల మధ్య సర్దడం

కొన్ని విలువలకు జ్యామితి జవాబు చెప్పదు. ఉదాహరణకు కెమెరా ఎంత ఎత్తు నుంచి వంగి చూడాలి అన్నది రుచికి సంబంధించింది. నిలువు విండోలో 30 డిగ్రీల నుంచి చూస్తే నేల బాగా కనిపించి ఖాళీ నిండుతుంది. అడ్డ విండోలో 10 డిగ్రీలు అందంగా ఉంటుంది. మధ్య ఆకారాలకు ఏమి ఇవ్వాలి?

ముందు రెండు కొసలు ఎంచుకోవాలి. నిష్పత్తి 0.5 దగ్గర 30, నిష్పత్తి 2 దగ్గర 10 అనుకుందాం. మామూలుగా అందరూ రాసేది ఇది:

వాటా = (నిష్పత్తి − 0.5) ÷ (2 − 0.5)

విలువ = 30 + (10 − 30) × వాటా

ఇది తప్పు కాదు, కానీ ఒక వంకర ఉంది. నిష్పత్తి 0.5 అంటే ఎత్తు వెడల్పుకు రెట్టింపు. 2 అంటే వెడల్పు ఎత్తుకు రెట్టింపు. ఈ రెంటికీ సరిగ్గా నడుమ ఉన్నది చదరం. పై సూత్రంలో చదరానికి వాటా 0.33 వస్తుంది, విలువ 23.3 అవుతుంది. చదరాన్ని సూత్రం నిలువు విండో వైపే లాగేస్తోంది. నిష్పత్తి భాగహారంతో పుట్టిన అంకె కాబట్టి దాని మెట్లు కూడికతో కాకుండా గుణకారంతో ఎక్కాలి. అందుకు లాగరిథమ్ తీసుకుంటే చాలు:

వాటా = లాగ్(నిష్పత్తి ÷ 0.5) ÷ లాగ్(2 ÷ 0.5)

ఇప్పుడు చదరానికి వాటా 0.5, విలువ 20. ఫోను అడ్డం తిప్పినా నిలువు తిప్పినా మార్పు రెండు వైపులా సమంగా ఉంటుంది. మ్యాథ్.లాగ్ ఒక్కటి చేర్చడమే తేడా. నిష్పత్తితో చేసే ప్రతి సర్దుబాటుకూ దీన్నే వాడమంటాను. మడత ఫోన్లు దాదాపు చదరపు తెరలతో వస్తున్నాయి కాబట్టి నడుమ ఆకారాలను ఇక నిర్లక్ష్యం చేయలేం.

కొసలు దాటకుండా పగ్గం వేయడం తప్పనిసరి. 32:9 మానిటర్ నిష్పత్తి 3.56. మొదటి సూత్రంలో అది పెడితే వాటా 2.04, విలువ −10.7 డిగ్రీలు. కెమెరా నేల కిందికి దిగిపోతుంది. వాటాను మ్యాథ్.మిన్, మ్యాథ్.మ్యాక్స్‌లతో 0కీ 1కీ మధ్య బిగించి ఆ తర్వాతే గుణించండి.

అక్షరాల పరిమాణానికి నిష్పత్తి వాడవద్దని పైన చెప్పాను. దృశ్యం మీద తేలే శీర్షిక విషయంలో ఎవరైనా వాడక తప్పదనుకుంటే, కింది హద్దు విషయంలో తెలుగుకు ప్రత్యేకంగా ఆలోచించాలి. ఒత్తులు, గుడులు పైనా కిందా చేరే మన లిపి, రోమన్ లిపి కంటే ముందే చదవలేనంత చిన్నదైపోతుంది. పెట్టె ఎత్తు బిగించి ఉంటే ఒత్తులు అడుగున తెగుతాయి కూడా. రోమన్ అక్షరాలతో పరీక్షించి సరిపోయిందనుకున్న హద్దును తెలుగు పేజీకి అలాగే తేవద్దు.

## మార్పును వినడం

విండో పరిమాణం మారినప్పుడు రిసైజ్ అనే ఈవెంట్ వస్తుంది. అది విండోకే వస్తుంది, లోపలి పెట్టెలకు రాదు. పక్క మెనూ తెరిచి మూస్తే విండో మారదు, మన పెట్టె మారుతుంది. అందుకే రిసైజ్‌అబ్జర్వర్ వాడాలి. 2020 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ ఉంది. పెట్టెను దానికి అప్పగిస్తే ఏ కారణంతో పరిమాణం మారినా కబురు వస్తుంది, మొదటిసారి కొలత కూడా అదే అందిస్తుంది.

కబురు వచ్చిన వెంటనే భారమైన పని చేయకండి. కొత్త కొలతలను దాచుకుని, తర్వాతి రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌లో ఒక్కసారి లెక్క చేయండి. దృశ్యం ఎలాగూ ప్రతి ఫ్రేముకూ గీస్తున్నదైతే, "కొలత మారింది" అన్న జెండా ఒకటి ఎత్తిపెట్టి ఆ లూపులోనే చూసుకోవడం ఇంకా సులభం.

కాన్వాస్ తన పెట్టెను తానే పెంచే ప్రమాదం ఒకటుంది. కాన్వాస్ కొలత పెట్టే త్రీజేఎస్ ఫంక్షన్ సెట్‌సైజ్ మామూలుగా కాన్వాస్ శైలి వెడల్పు, ఎత్తులను కూడా పిక్సెళ్లలో రాసేస్తుంది. పెట్టె ఎత్తు లోపలి కాన్వాస్ మీదే ఆధారపడి ఉంటే ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి, లేదా పెట్టె ఒకసారి పెరిగాక మళ్లీ తగ్గనంటుంది. సెట్‌సైజ్‌కు మూడో విలువగా ఫాల్స్ ఇచ్చి, కాన్వాస్ వెడల్పు, ఎత్తులను సీఎస్ఎస్‌లో 100 శాతంగా ఉంచి, పెట్టె ఎత్తును విడిగా నిర్ణయించండి.

ఫోన్లలో చిరునామా పట్టీ సంగతి చూద్దాం. పేజీని కిందికి తోస్తే పట్టీ దాక్కుంటుంది, విండో ఎత్తు పెరుగుతుంది, నిష్పత్తి మారుతుంది. మన దూరం సూత్రం ఇక్కడ మేలు చేస్తుంది: నిలువు విండోలో వెడల్పునే కాపాడుతున్నాం, వెడల్పు మారలేదు, కాబట్టి వస్తువు తెర మీద దాదాపు అదే పరిమాణంలో ఉంటుంది. కేంద్రం మాత్రం కాస్త జరుగుతుంది. ఆ జరుగుడు కూడా వద్దనుకుంటే పెట్టె ఎత్తును 100 ఎస్‌వీహెచ్ చేయండి. పట్టీ కనిపిస్తున్నప్పటి చిన్న ఎత్తుకు సమానమైన కొలత అది. పట్టీ దాగినా మారదు. కీబోర్డు తెరుచుకున్నప్పుడు మాత్రం బ్రౌజర్లు ఒకేలా ప్రవర్తించవు. ఆండ్రాయిడ్ క్రోమ్ 108 నుంచి కీబోర్డు వల్ల పేజీ కొలత మారడం ఆగింది. అంతకు ముందు వెర్షన్లలో నిష్పత్తి ఒక్కసారిగా ఎగిరేది.

చూసేవారు తమ వేళ్లతో దగ్గరకు లాక్కున్న దృశ్యాన్ని గౌరవించడం వీటన్నిటికంటే ముఖ్యం. వాళ్లు దగ్గరకు తెచ్చుకుని ఒక భాగాన్ని పరిశీలిస్తుంటారు, ఫోను కొద్దిగా తిరుగుతుంది, మన ఫంక్షన్ కెమెరాను లెక్కించిన దూరానికి విసిరేస్తుంది. ఇది జరగకూడదు. కెమెరా ప్రస్తుత దూరాన్ని పాత లెక్క దూరంతో భాగించి ఆ గుణకాన్ని దాచుకోండి. కొత్త లెక్క దూరాన్ని దానితో గుణించండి. సగం దూరానికి దగ్గరైన మనిషి ఫోను తిప్పాక కూడా సగం దూరంలోనే ఉంటాడు. చూసేవారు కెమెరాను తిప్పి, జరపడానికి వీలిచ్చే ఆర్బిట్‌కంట్రోల్స్ వాడుతుంటే అత్యధిక దూరం హద్దును కూడా కొత్త లెక్కకు తగ్గట్టు పెంచాలి, లేదంటే అది కెమెరాను మళ్లీ ముందుకు లాగుతుంది.

## జావాస్క్రిప్ట్ లేకుండా అయ్యేవి

త్రీడీ లేని పేజీలో ఇదంతా ఎత్తుకోవద్దు. వీడియో పెట్టె ఆకారాన్ని నిలబెట్టడానికి సీఎస్ఎస్‌లోని యాస్పెక్ట్‌రేషియో గుణం చాలు. 2021 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ దాన్ని అర్థం చేసుకుంటున్నాయి. విండో ఆకారాన్ని బట్టి అమరిక మారాలంటే కనీస నిష్పత్తి మీడియా షరతు ఉంది. వెడల్పు, ఎత్తుల్లో చిన్నదానిని బట్టి పెరిగే వీమిన్ కొలతను, కింది, పై హద్దులు వేసే క్లాంప్‌తో బిగిస్తే చాలా అలంకారాలు ఒక వరుసలో తేలిపోతాయి. జావాస్క్రిప్ట్‌లో లెక్కించిన వాటాను సీఎస్ఎస్‌కు అందించాలంటే సెట్‌ప్రాపర్టీతో ఒక సొంత చరరాశిగా పెట్టండి. కెమెరా, శీర్షిక రెండూ ఒకే అంకె మీద నడుస్తాయి.

## పరీక్షించడం

డెవలపర్ పరికరాల్లోని ఫోన్ల జాబితా నుంచి నాలుగు ఎంచుకుని చూడడం సరిపోదు. పరిమాణాన్ని చేత్తో లాగగలిగే రీతిలోకి మార్చి, విండోను సన్నని నిలువు నుంచి బాగా వెడల్పు దాకా మెల్లగా లాగండి. 1.33 దాటేటప్పుడు ప్రత్యేకంగా చూడండి: వస్తువు పెరగడం అక్కడ ఆగుతుంది, కానీ గంతు వేయకూడదు. గంతు కనిపిస్తే పాత వెడల్పు షరతు ఎక్కడో కోడ్‌లో ఇంకా మిగిలి ఉందన్నమాట. తర్వాత పేజీని 200 శాతానికి పెంచి చూడండి. సీఎస్ఎస్ పిక్సెళ్లలో వెడల్పు, ఎత్తు రెండూ సగమవుతాయి, నిష్పత్తి దాదాపు మారదు. దృశ్యం అలాగే ఉండాలి, అక్షరాలు మాత్రం తమకు చోటు తగ్గిందని గ్రహించి సర్దుకోవాలి. దృశ్యం కదిలితే నిష్పత్తి ఉండవలసిన చోట వెడల్పు వాడారు. అక్షరాలు ఇరుక్కుంటే వెడల్పు ఉండవలసిన చోట నిష్పత్తి వాడారు.